పదహారు బిట్లలో ఒక సైన్

టెలిఫోన్ వ్యవస్థలో మనిషి గొంతును సెకనుకు 8,000 సార్లు కొలుస్తారు. ఒక కొలతకీ తర్వాతి కొలతకీ మధ్య ఉండే వ్యవధి 125 మైక్రోసెకన్లు. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 1983లో మార్కెట్లోకి తెచ్చిన టీఎంఎస్32010 అనే సిగ్నల్ ప్రాసెసర్ చాలామటుకు ఆదేశాలను ఒక్కొక్కటి 200 నానోసెకన్లలో ముగించేది. అంటే ఒక్కో కొలతకు 625 ఆదేశాలు. హోరును వడకట్టాలన్నా, ప్రతిధ్వనిని తుడిచెయ్యాలన్నా, ఫోన్లో నొక్కిన అంకె ఏదో పోల్చుకోవాలన్నా ఆ 625లోనే పని తెమలాలి. తెమలకపోతే తర్వాతి కొలత వచ్చి పడుతుంది, పాత పని సగంలో ఉండిపోతుంది. మామూలు ప్రోగ్రాం ఆలస్యమైతే కాసేపు ఎదురుచూస్తాం. ఇక్కడ ఆలస్యంగా వచ్చిన జవాబు తప్పు జవాబు కిందే లెక్క.

ఆ చిప్‌కు ఒక గొప్ప బలం ఉంది. 16 బిట్ల సంఖ్యలు రెండింటిని ఒక్క సైకిల్లో గుణించే సర్క్యూట్ దానిలో ఉంది. ఆ రోజుల్లో పేరున్న ఇంటెల్ 8086 అదే గుణకారానికి వంద క్లాక్ సైకిళ్లకు పైగా తీసుకునేది. ఆ బలం పక్కనే ఎన్నో లేములు. డేటా దాచుకోవడానికి చిప్ లోపల 144 పదాల చోటే ఉంది. దశాంశ బిందువు సంగతి దానికి తెలియదు. భాగహారానికి ఒక ఆదేశమంటూ లేదు, వర్గమూలం లేదు, సైన్ లేదు. సిగ్నళ్ల పనిలో మాత్రం ఇవన్నీ అడుగడుగునా కావాలి. మోడెం పంపే స్వరం ఒక సైన్. మోటార్ను నునుపుగా తిప్పే విద్యుత్తు ఒక సైన్. కాబట్టి వాటిని ఎవరో ఒకరు కూర్చుని, ఉన్న ఆదేశాలతోనే అల్లాలి.

అలా అల్లిన చిన్న గణిత రొటీన్ల పనితనం గురించి ఈ వ్యాసం. పదింటిని పైపైన తడమడం కంటే ఒక్క సైన్ రొటీన్‌ను చేతిలోకి తీసుకుని అడుగడుగూ పరిశీలిస్తే ఆ పనివాళ్ల ఆలోచన బాగా తెలుస్తుంది.

బిందువు ఎక్కడ ఉంది

16 బిట్లలో −32,768 నుంచి 32,767 దాకా పూర్ణసంఖ్యలు పడతాయి. వాటన్నిటినీ 32,768తో భాగించినట్టు ఊహించుకుంటే −1 నుంచి ఇంచుమించు +1 దాకా ఉండే భిన్నాలవుతాయి. చిప్ చేసేది మాత్రం పూర్ణసంఖ్యల కూడిక, గుణకారమే. బిందువు ఉండేది ప్రోగ్రామర్ తలలో. బిందువుకు కుడివైపు 15 బిట్లు ఉన్నాయి కాబట్టి ఈ రంగంలో దీన్ని క్యూ15 అంటారు. పక్కపక్కన ఉన్న రెండు విలువల మధ్య తేడా 1లో 32,768వ వంతు. ఆ తేడాను ఈ వ్యాసంలో మెట్టు అందాం. ఇకమీద ఏ తప్పునైనా మెట్లలోనే కొలుద్దాం.

సంఖ్యలన్నీ 1 లోపు ఉండాలని ఎందుకు? రెండు భిన్నాలను గుణిస్తే వచ్చేది కూడా 1 లోపే ఉంటుంది. లబ్ధం ఎంత పెద్దదవుతుందో అన్న భయం ఉండదు. లబ్ధానికి 32 బిట్లు వస్తాయి. దానిలో గుర్తు బిట్ రెండుసార్లు ఉంటుంది. ఒక స్థానం ఎడమకు జరిపి, పై 16 బిట్లు ఉంచుకుంటే మళ్లీ క్యూ15 సంఖ్యే చేతికొస్తుంది. ఈ ఏర్పాటుకు ఒకే ఒక్క మినహాయింపు ఉంది. −1ని −1తో గుణిస్తే +1 రావాలి, +1కి ఇక్కడ చోటు లేదు. ఎడమకు జరపగానే అది −1గా మారిపోతుంది. గుణించగల జతలు దాదాపు 429 కోట్లు. వాటిలో తప్పు జవాబిచ్చేది ఈ ఒక్క జతే. మంచి రొటీన్ రాసేవాడు ఆ ఒక్క జతను ఎన్నడూ మరవడు. −32,768 అన్న ఈ సంఖ్య కథలో మళ్లీ వస్తుంది.

కింది 16 బిట్లను పారేసే తీరులో కూడా నేర్పు ఉంది. ఊరికే కత్తిరిస్తే జవాబు ఎప్పుడూ కిందికే జారుతుంది, సగటున అర మెట్టు. ఒక్కసారికి ఇది లెక్కలోది కాదు. తన జవాబును తానే మళ్లీ తీసుకునే ఫిల్టర్‌లో మాత్రం ఆ జారుడు పోగుపడి సిగ్నల్ మొత్తాన్నీ ఒక పక్కకు లాగుతుంది. అందుకే కత్తిరించే ముందు అర మెట్టు కలుపుతారు. ఒక్క ఆదేశం ఖర్చుతో ఎప్పుడూ ఒకే వైపుకు లాగే ఆ గుణం పోతుంది.

కూడికలో ఇంకా అందమైన సంగతి ఉంది. పది పదిహేను లబ్ధాలను వరసగా కూడుతుంటే మధ్యలో మొత్తం హద్దు దాటవచ్చు. దాటగానే పెద్ద ధనసంఖ్య రుణసంఖ్యగా కనిపిస్తుంది. గడియారం ముల్లు 12 దాటి 1 దగ్గరికి వచ్చినట్టే ఇది కూడా. తర్వాతి పదాలు దాన్ని వెనక్కి తిప్పి, చివరి మొత్తం హద్దులోపల ఉండేట్టయితే, మధ్యలో ఎన్నిసార్లు హద్దు దాటినా చివరి జవాబు సరిగ్గానే ఉంటుంది. కాబట్టి హద్దు దాటిన ప్రతిచోటా గరిష్ఠ విలువ దగ్గర ఆపెయ్యడం, అంటే శాచురేషన్, మేలు చెయ్యదు. ఎక్కడ ఆపాలో ఎక్కడ తిరగనివ్వాలో తెలిసి ఉండాలి. తర్వాత వచ్చిన చిప్‌లు ఈ బెంగను కొంత తీర్చాయి. మోటరోలా 56000 డేటా 24 బిట్లయితే, లబ్ధాల మొత్తాన్ని ఉంచే అక్యుములేటర్ 56 బిట్లు. టీఎంఎస్320సీ54ఎక్స్ కుటుంబంలో అక్యుములేటర్ 40 బిట్లు. పైన అదనంగా ఉన్న ఆ ఎనిమిది బిట్ల వల్ల 256 లబ్ధాలను నిశ్చింతగా కూడుకోవచ్చు.

కోణాన్ని మడిచే పద్ధతి

ఇక సైన్ దగ్గరికి వద్దాం. ముందు తేల్చుకోవలసింది కోణాన్ని ఎలా రాయాలన్నది. డిగ్రీలు, రేడియన్లు రెండూ ఇక్కడ ఇబ్బందే. కోణం 360 దాటినప్పుడల్లా తీసివెయ్యాలి, పోల్చి చూడాలి. పనివాళ్లు ఎంచుకున్న దారి వేరు. −180 డిగ్రీలను −32,768 అనుకున్నారు, 90 డిగ్రీలను 16,384 అనుకున్నారు. పూర్తి చుట్టు 65,536 భాగాలు. ఇప్పుడు 170 డిగ్రీలకు 20 డిగ్రీలు కలిపితే మొత్తం హద్దు దాటి తనంతట తానే −170 దగ్గరికి వస్తుంది. వృత్తంలో జరగవలసింది సరిగ్గా అదే. గుణకారంలో శత్రువైన ఓవర్‌ఫ్లో, అంటే హద్దు దాటడం, కోణాల కూడికలో మేలు చేసే నియమమైంది. స్వరాన్ని పుట్టించే రొటీన్ ప్రతి కొలతకూ ఒక స్థిరసంఖ్యను కలుపుతూ పోతే చాలు. గంటల తరబడి నడిచినా ఎక్కడా సరిచూసుకోవలసిన పని లేదు.

తర్వాతి మెలకువ మడత. సైన్ వంపు 90 డిగ్రీలకు అటూ ఇటూ ఒకేలా ఉంటుంది. 135 డిగ్రీల సైన్, 45 డిగ్రీల సైన్ ఒకటే. కాబట్టి −90 నుంచి 90 దాకా సైన్ కట్టగలిగితే మిగతా సగం మడత పెట్టి తెచ్చుకోవచ్చు. పాఠ్యపుస్తకం పద్ధతిలో అయితే రెండు సందర్భాలు రాయాలి. కోణం 90 దాటితే 180 నుంచి తీసివెయ్యాలి, −90 కంటే తగ్గితే −180 నుంచి తీసివెయ్యాలి. ఇక్కడే ఆ −32,768 మళ్లీ వస్తుంది. చుట్టూ తిరిగే ఈ లెక్కలో +180, −180 ఒకే చుక్క, ఆ చుక్క పేరే −32,768. అందుకే దాన్నుంచి కోణాన్ని తీసేస్తే రెండు సందర్భాలూ ఒకే తీసివేతలో ఇమిడిపోతాయి. మడవాలా వద్దా అన్నది కోణంలోని పై రెండు బిట్లు చెబుతాయి. అవి ఒకటైతే వదిలెయ్యి, వేరైతే మడువు. గుర్తును విడిగా దాచుకోవలసిన అవసరం కూడా లేదు. గుణకారంలో గండంగా కనిపించిన సంఖ్యే ఇక్కడ రెండు శాఖలను ఒకటిగా కుట్టింది. నాకు ఈ రొటీన్ మొత్తంలో అన్నిటికంటే ఇష్టమైన తావు ఇది.

మడిచిన కోణం −16,384 నుంచి 16,384 దాకా ఉంటుంది. దాన్ని రెట్టింపు చేస్తే క్యూ15 హద్దులన్నీ నిండుతాయి, ఒక్క బిట్ కూడా ఖాళీగా ఉండదు. సరిగ్గా 90, −90 డిగ్రీల దగ్గర మాత్రం రెట్టింపు విలువను 32,767, −32,767 దగ్గర ఆపాలి. ఆపకపోతే 90 డిగ్రీల సైన్ −1 అని జవాబొస్తుంది. ఇలా వచ్చిన భిన్నాన్ని ఇకమీద చరం అందాం. అది 1 అయితే 90 డిగ్రీలు, అర అయితే 45.

శ్రేణి కావాలా, సూత్రం కావాలా

చరం నుంచి సైన్‌కు ఎలా వెళ్లాలి? పట్టిక పెట్టుకోవచ్చు. పావు చుట్టుకే 16,384 విలువలు కావాలి. ఆ చిప్ ప్రోగ్రాం కోసం వాడగల జ్ఞాపకమే 4,096 పదాలు. చుట్టును 256 భాగాలు చేసి, మధ్యలో సరళరేఖ గీసినట్టు అంచనా కడితే తప్పు రెండున్నర మెట్ల దాకా ఉంటుంది. కొన్ని పనులకు అది చాలు కూడా.

రెండో దారి అనంత శ్రేణి. టేలర్ పేరుతో మనం చదువుకునే సైన్ శ్రేణిని యూరప్ కంటే ముందే కేరళ గణితజ్ఞుడు సంగమగ్రామ మాధవుడు కనుక్కున్నాడని ఆ సంప్రదాయపు గ్రంథాలు చెబుతాయి. గణితపరంగా అది మహాద్భుతం. కానీ మొదటి మూడు పదాలే తీసుకుంటే 90 డిగ్రీల దగ్గర తప్పు 148 మెట్లు. నాలుగు పదాలకు 5 మెట్లు. సున్నా దగ్గర అవసరానికి మించి కచ్చితంగా ఉంటుంది, కొసకు పోయేకొద్దీ చెదురుతుంది.

దీని పక్కన పెట్టి చూడదగ్గది మొదటి భాస్కరుడు ఏడో శతాబ్దంలో మహాభాస్కరీయంలో ఇచ్చిన సూత్రం. డిగ్రీల్లో ఉన్న కోణాన్ని, 180లో అది పోగా మిగిలినదానితో గుణించాలి. ఆ లబ్ధానికి నాలుగు రెట్లను, 40,500 నుంచి ఆ లబ్ధాన్ని తీసేయగా వచ్చినదానితో భాగించాలి. 30 డిగ్రీలకు సరిగ్గా అర, 90 డిగ్రీలకు సరిగ్గా 1 వస్తుంది. 0 నుంచి 180 దాకా ఎక్కడా తప్పు 0.0017 దాటదు. మన కొలతలో యాభై మెట్లకు కాస్త పైన. మూడు పదాల శ్రేణి కంటే ఇది చాలా నయం. తప్పును ఒక మూల పోగుపడనివ్వకుండా దారి పొడవునా పరవడం దీని గొప్పతనం. సిగ్నల్ ప్రాసెసర్‌లో దీన్ని వాడకపోవడానికి కారణం ఒక్కటే. చివర భాగహారం ఉంది. టీఎంఎస్32010లో భాగహారమంటే ఎస్‌యూబీసీ అనే షరతుతో కూడిన తీసివేతను పదహారుసార్లు చెయ్యడం, సారికి ఒక్కో బిట్ చొప్పున రాబట్టుకోవడం.

తప్పును పరవడం అన్న ఆలోచననే రష్యన్ గణితజ్ఞుడు చెబిషెవ్ పంతొమ్మిదో శతాబ్దంలో సిద్ధాంతంగా నిలబెట్టాడు. ఇచ్చిన ఘాతం ఉన్న బహుపదుల్లో అత్యుత్తమమైనది ఎలా ఉంటుంది? దాని తప్పు పైకీ కిందికీ ఒకే ఎత్తున ఊగుతుంది. ఆ ఊగులో ఏ శిఖరమూ మరో శిఖరం కంటే ఎత్తుగా ఉండదు. అటువంటి బహుపదిని వెతికే పద్ధతిని రెమెజ్ 1934లో ఇచ్చాడు. ర్యాండ్ సంస్థలో పనిచేసిన సెసిల్ హేస్టింగ్స్ 1955లో ఇలాంటి బహుపదుల గుణకాలను కంప్యూటర్ల కోసం ఒక పుస్తకంగా అచ్చువేయించాడు. ఆ పుస్తకంలోని గుణకాలు వాడితే మూడు పదాలకు తప్పు 148 మెట్ల నుంచి మూడున్నర మెట్లకు పడిపోతుంది. నాలుగు పదాలకు 5 మెట్ల నుంచి మెట్టులో ముప్పయ్యో వంతుకు దిగుతుంది. గుణకారాల సంఖ్య పెరగలేదు, ఒక్క ఆదేశం ఎక్కువ కాలేదు. మారింది గుణకాలు మాత్రమే. చిప్ దగ్గర ఏ ఖర్చూ లేకుండా, ముందుగా కాగితం మీద పెట్టిన శ్రమతో కొన్న కచ్చితత్వం ఇది.

నాలుగు పూర్ణసంఖ్యలు

నాలుగు పదాల బహుపదిలో మొదటి గుణకం సుమారు 1.5708. అది 1 దాటింది కాబట్టి క్యూ15లో పట్టదు. బహుపది మొత్తాన్నీ సగం చేసి చివర రెట్టింపు చెయ్యొచ్చు, కానీ అప్పుడు ఒక బిట్ పోతుంది. ఇంకో మార్గం ఆ గుణకాన్ని 1గానూ 0.5708గానూ విడగొట్టడం. 1తో గుణించడం అంటే ఏమీ చెయ్యకపోవడమే. చరాన్ని చివర్లో నేరుగా కూడేస్తే సరిపోతుంది. మిగిలిన గుణకాలను 32,768తో గుణించి, దగ్గరి పూర్ణసంఖ్యకు సవరిస్తే ఈ నాలుగు వస్తాయి: 18,704, −21,166, 2,605, −143.

లెక్క ఇలా నడుస్తుంది. ముందు చరం వర్గం కట్టాలి. −143ను ఆ వర్గంతో గుణించి 2,605 కూడాలి. మళ్లీ వర్గంతో గుణించి 21,166 తీసెయ్యాలి. మళ్లీ గుణించి 18,704 కూడాలి. వచ్చినదాన్ని చరంతో గుణించి, చరాన్ని కూడాలి. మొత్తం అయిదు గుణకారాలు. హార్నర్ పేరుతో తెలిసిన పద్ధతే ఇది. మధ్యలో ఎక్కడా విలువ 1 దాటదు.

ఇప్పుడు ఆ నాలుగు సంఖ్యలను కూడి చూడండి. 18,704కు 2,605 కలిపితే 21,309. అటువైపు 21,166కు 143 కలిపితే అదీ 21,309. మొత్తం సున్నా. చరం 1 అయినప్పుడు, అంటే 90 డిగ్రీల దగ్గర, బహుపది తన వంతుగా ఏమీ కలపదు. చరం ఎంతో జవాబూ అంతే. వంపు శిఖరం సరిగ్గా ఉండవలసిన చోటే ఉంటుంది. ఈ సంఖ్యలను విడివిడిగా సవరించడంలో ఒక్కోదానికి అర మెట్టు దాకా తేడా రావచ్చు. ఇక్కడ ఆ తేడాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకున్నాయి. బహుపది తప్పూ గుణకాల సవరణ తప్పూ కలిపి ఏ కోణం దగ్గరా మెట్టులో పదో వంతుకు మించవు. అన్నిసార్లూ ఇంత చక్కగా కలిసిరాదు. అప్పుడు ఒక గుణకాన్ని సవరించి స్థిరపరిచి, ఆ తేడాను మిగతా గుణకాల మీద సర్దుతూ వెతకాలి. నేడు సోల్యా వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ వెతుకులాటను చేసిపెడుతుంది.

ఇంకొక్క ముడి మిగిలింది. 90 డిగ్రీలకు అటూ ఇటూ వందకు పైగా కోణాలకు సైన్ విలువ 1కి ఎంత దగ్గరంటే, సవరిస్తే 32,768 రావాలి. అంత సంఖ్య లేదు. చివరి కూడిక దగ్గర శాచురేషన్ లేకపోతే శిఖరం మీద జవాబు ఒక్కసారిగా −1కి కూలి, స్పీకర్లో టప్పున చప్పుడు వినబడుతుంది. కోణాల కూడికలో సంఖ్యను స్వేచ్ఛగా తిరగనిచ్చిన చేతే ఇక్కడ దాన్ని గట్టిగా ఆపాలి. ఒకే రొటీన్‌లో, కొన్ని ఆదేశాల దూరంలో, ఒకే సంఘటనకు రెండు వేర్వేరు తీర్పులు. పనితనం అంటే ఈ విచక్షణే.

యంత్రాన్ని బట్టి దారి

ఇదే సైన్‌కు అసలు గుణకారమే లేని దారి ఒకటుంది. అమెరికాలో కాన్వేర్ కంపెనీ ఇంజినీరు జాక్ వోల్డర్, బీ-58 బాంబర్ విమానం నావిగేషన్ కోసం దాన్ని రూపొందించి 1959లో ప్రకటించాడు. దాని పేరు కార్డిక్. ఒక బాణాన్ని క్రమంగా తగ్గుతున్న నిర్ణీత కోణాలతో అటో ఇటో తిప్పుతూ కావలసిన కోణానికి చేరుస్తారు. ఒక్కో తిప్పుకూ కావలసింది బిట్లను పక్కకు జరపడం, కూడటం, అంతే. ఆ తిప్పుళ్ల వల్ల బాణం సుమారు 1.6468 రెట్లు సాగుతుంది. ఆ సాగుడు ఎప్పుడూ ఒకటే కాబట్టి మొదట్లోనే 0.6073 పొడవుతో బయల్దేరితే సరిపోతుంది. హ్యూలెట్ ప్యాకర్డ్‌లో జాన్ వాల్తర్ 1971లో ఈ పద్ధతిని లాగరిథంలకూ వర్గమూలాలకూ విస్తరించాడు. గుణకార సర్క్యూట్ లేని చోట దీనికి సాటి లేదు. 16 బిట్ల కచ్చితత్వానికి సుమారు 16 తిప్పుళ్లు, ఒక్కో తిప్పుకు మూడు కూడికలు. గుణకారం ఒక్క సైకిల్లో అయ్యే చిప్ మీద మాత్రం అయిదు గుణకారాల బహుపదే గెలుస్తుంది. పద్ధతి మంచిదా కాదా అని విడిగా అడగడం కుదరదు. ఏ యంత్రం మీద అని కూడా అడగాలి.

యంత్రం మారితే బహుపది రూపం కూడా మారాలి. 1997లో వచ్చిన టీఎంఎస్320సీ6201లో ఎనిమిది పని యూనిట్లు ఉన్నాయి, వాటిలో రెండు గుణకారానికి. 200 మెగాహెర్ట్జ్ వేగంతో సెకనుకు 160 కోట్ల ఆదేశాలు. దానిలో గుణకారం జవాబు తర్వాతి సైకిల్‌కు గానీ అందదు. జ్ఞాపకం నుంచి తెచ్చిన సంఖ్య అయిదో సైకిల్ దాకా చేతికి రాదు. హార్నర్ పద్ధతిలో ప్రతి గుణకారమూ ముందుదాని కోసం కాచుకోవాలి కాబట్టి ఎనిమిది యూనిట్లలో ఆరేడు ఊరికే కూర్చుంటాయి. దీనికి ఎస్ట్రిన్ 1960లో చూపిన దారి ఒకటుంది. పదాలను జతలుగా విడగొట్టి ఆ జతలను ఒకేసారి కట్టడం. ఇంకా మేలైనది సాఫ్ట్‌వేర్ పైప్‌లైనింగ్. ఒక కొలతకు చివరి గుణకారం జరుగుతుండగా రెండోదానికి మధ్య గుణకారం, మూడోదానికి మడత, నాలుగోదానికి జ్ఞాపకం నుంచి చేరవేత, అన్నీ ఒకే సైకిల్లో. లూప్ మొదలుకు మళ్లమనే ఆదేశం అమలుకావడానికి పట్టే అయిదు సైకిళ్లను కూడా పనితో నింపుతారు. గుణకారాలనే లెక్కేస్తే, రెండు యూనిట్ల మీద రెండు సైన్లకు అయిదు సైకిళ్లు చాలు. ఒక్క సైన్ జవాబు ముందుకంటే త్వరగా ఏమీ రాదు. కానీ జవాబులు ధారగా వస్తాయి, సిగ్నల్‌కు కావలసింది ధారే.

చిప్ తయారుచేసేవాళ్లు కూడా ఈ అల్లికను ఎరిగే ఆదేశాలను మలిచారు. టీఎంఎస్32010లోని ఎల్‌టీడీ అనే ఆదేశం ఒకే సైకిల్లో మూడు పనులు చేస్తుంది. తర్వాతి సంఖ్యను గుణకారానికి ఎత్తుతుంది, వెనకటి లబ్ధాన్ని మొత్తంలో కలుపుతుంది, ఆ కొలతను జ్ఞాపకంలో ఒక గడి ముందుకు జరుపుతుంది. ఫిల్టర్ అడిగే పని సరిగ్గా ఈ మూడే. దాని పక్కన ఒక గుణకారం రాస్తే ఫిల్టర్‌లో ఒక్కో గుణకానికి రెండు ఆదేశాలతో సరి.

చెయ్యకుండా వదిలిన లెక్క

లెక్కను వేగంగా చెయ్యడం ఒక నేర్పు. ఏ లెక్క అక్కర్లేదో కనిపెట్టడం అంతకంటే పెద్దది. ఫోన్లో అంకె నొక్కితే రెండు స్వరాలు కలిసి పుడతాయి. 697 నుంచి 1,633 హెర్ట్జ్ దాకా ఉన్న ఎనిమిదింటిలో అవి ఏవో పట్టుకోవాలి. అన్ని పౌనఃపున్యాలనూ విడదీసే ఫాస్ట్ ఫూరియర్ ట్రాన్స్‌ఫారం ఉంది గానీ, కావలసినవి ఎనిమిదే. గెరాల్డ్ గోర్ట్‌జెల్ 1958లో ఇచ్చిన పద్ధతిలో ఒక్కో స్వరానికి, ఒక్కో కొలతకు ఒక్క గుణకారం చాలు. చివర్లో స్వరం బలం తెలియాలంటే వర్గమూలం తియ్యాలి. కానీ మనకు కావలసింది ఏది ఎక్కువ బలమైనదో పోల్చుకోవడం. వర్గాలను పోల్చినా అదే తీర్పు వస్తుంది. కాబట్టి వర్గమూలం రాయనక్కర్లేదు.

తప్పించుకోలేని భాగహారానికి కూడా గుణకారమే మందు. ఒక సంఖ్య విలోమానికి ముతక అంచనా ఉంటే, న్యూటన్ పద్ధతిలో రెండు గుణకారాలు, ఒక తీసివేతతో సరైన బిట్లు రెట్టింపవుతాయి. టీఎంఎస్320సీ67ఎక్స్ చిప్‌లలో ఆర్‌సీపీఎస్‌పీ అనే ఆదేశం మొదటి ఎనిమిది బిట్లు ఇస్తుంది. ఒక అడుగుకు పదహారు, ఇంకో అడుగుకు ఆ చిప్ సంఖ్యల రూపంలో పట్టగలిగినంతా. ఎన్ని బిట్లు కావాలో తెలిసినవాడు అక్కడే ఆగుతాడు.

మిగలకుండా సరిచూడటం

ఇంతకూ మన సైన్ రొటీన్ సరైనదేనని ఎలా తెలుస్తుంది? కొన్ని కోణాలు తీసుకుని పరీక్షించడం మామూలు పద్ధతి. ఇక్కడ అంతకంటే మంచి అవకాశం ఉంది. కోణం 16 బిట్లు. సాధ్యమైన కోణాలు మొత్తం 65,536, అంతకు మించి లేవు. రొటీన్‌కు నలభై ఆదేశాలు పడతాయనుకుంటే ఆ తొలితరం చిప్ మీద ఒక సైన్‌కు 8 మైక్రోసెకన్లు. అన్ని కోణాలకూ కలిపి అర సెకను చిల్లర. ప్రతి జవాబునూ ఎక్కువ కచ్చితత్వంతో కట్టిన విలువ పక్కన పెట్టి తేడా చూడవచ్చు. ఆ పరీక్ష ముగిశాక మిగిలిపోయిన కోణమంటూ ఉండదు. అతిపెద్ద తప్పు ఎన్ని మెట్లో, అది ఏ కోణం దగ్గర వస్తుందో రొటీన్ పక్కనే రాసి పెట్టవచ్చు. ఇంత గట్టి మాట ఇవ్వగల పని ఇంజినీరింగ్‌లో అరుదు. 64 బిట్ల సంఖ్యల మీద పనిచేసేవాళ్లకు ఈ భాగ్యం లేదు. అన్ని విలువలూ పరీక్షించాలంటే ఏ కంప్యూటర్‌కైనా కాలం చాలదు, వాళ్లు గణిత నిరూపణల మీద ఆధారపడాలి.

నేడు చాలా చిప్‌లకు తయారీదారులే సైన్, వర్గమూలం, భాగహారం లైబ్రరీలుగా ఇస్తారు. ఒక్క పేరు రాస్తే జవాబొస్తుంది. ఆ పేరు వెనక ఎవరో బిందువు స్థానం తేల్చారు, కోణాన్ని ఒకే తీసివేతతో మడిచారు, తప్పును వంపు పొడవునా సమంగా పరిచారు, ఎక్కడ ఆపాలో ఎక్కడ తిరగనివ్వాలో నిర్ణయించారు. వాళ్ల పేర్లు మనకు తెలియవు, వాళ్ల పని మాత్రం చదవడానికి అందుబాటులోనే ఉంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఎలక్ట్రానిక్స్ చదివే ఇంజినీరింగ్ విద్యార్థులకు సాధారణంగా డీఎస్‌పీ (డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్) ల్యాబ్ ఉంటుంది. తయారుగా ఉన్న ఫంక్షన్‌ను పిలిచి తెర మీద వంపు చూసి రికార్డు రాసుకుంటే ఆ పూట గడుస్తుంది. దాని బదులు 18,704, −21,166, 2,605, −143 అన్న నాలుగు సంఖ్యలు తీసుకుని సైన్ రొటీన్ సొంతంగా రాసి, 65,536 కోణాలనూ పరీక్షించి, అతిపెద్ద తప్పు ఎక్కడుందో కనుక్కోమనండి. కత్తిరించిన చోట అర మెట్టు కలిపితే ఏమవుతుందో, కలపకపోతే ఏమవుతుందో, శిఖరం దగ్గర శాచురేషన్ తీసేస్తే ఏం జరుగుతుందో వాళ్ల చేతులకే తెలుస్తుంది. అలా ఒక్క రొటీన్‌ను అంచు దాకా ఎరిగినవాళ్లు, తర్వాత ఏ లైబ్రరీ తెరిచినా దాన్ని రాసినవారి ప్రతి నిర్ణయాన్నీ గుర్తుపట్టగలుగుతారు, అవసరమైతే అంతకంటే మెరుగ్గా రాయగలుగుతారు.